నా మాట ఆయన నోట

మొదటిసారి అది వచ్చింది ఘాట్ రోడ్డులో. కడప నుంచి రాయచోటి పోయే ఉదయం బస్సు గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతోంది. నేను కిటికీ పక్కన కూర్చుని జవాబు పత్రాలు దిద్దుకుంటున్నాను. ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకోవడం మొదలైంది. అరచేతులు చెమటతో తడిసిపోయాయి. ఎడమచెయ్యి తిమ్మిరెక్కింది. ఎంత పీల్చినా గాలి గొంతు దగ్గరే ఆగిపోతోంది. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. గుండెపోటు లక్షణాలు పిల్లల చేత వరసగా అప్పజెప్పించుకునేదాన్ని. ఇదే అది అనుకున్నాను. చచ్చిపోతున్నానని ఎంత గట్టిగా నమ్మానంటే, ఆ పొద్దున హడావుడిలో నా కూతురికి రెండో జడకు రిబ్బను కట్టలేదన్న సంగతి గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి.

పక్క సీట్లో అక్క ఉంది. సొంత అక్క కాదు. మా స్కూల్లోనే సోషల్ టీచరు, నాకంటే ఆరేళ్లు పెద్దది. అప్పటికి తొమ్మిదేళ్లుగా రోజూ పొద్దున, సాయంత్రం ఆ బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చునేవాళ్లం. ఆమెది కడప పక్క పల్లెలో పేరున్న రైతు కుటుంబం. నాది ఆదోని అవతల ఒక చిన్న ఊరు. మా అమ్మ పత్తి చేలల్లో కూలికి పోయి నన్ను చదివించింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నా మాటలో కన్నడం కలిసి వస్తుంటే స్టాఫ్ రూంలో నవ్వేవాళ్లు. నవ్వనిది అక్క ఒక్కతే. నన్ను ‘పాపా’ అని పిలిచేది. మా వైపు కూడా చిన్న చెల్లెలిని అలాగే పిలుస్తారు.

ఆ రోజు ఆమె గాభరా పడలేదు. బస్సు ఆపమనలేదు. నా చేతిలోని కాగితాలు తీసి సంచిలో పెట్టి, నా రెండు చేతులూ తన ఒళ్లో పెట్టుకుని ఘాట్ దాటేదాకా అట్లాగే పట్టుకుంది.

కడపలో గుండె డాక్టరు పరీక్షలన్నీ చేసి, గుండె బాగానే ఉందన్నాడు. ఒకసారి మనసు డాక్టరుకు చూపించుకోమన్నాడు. ఆ మాట వినగానే నాకు మా ఆయన పిన్నమ్మ గుర్తొచ్చింది. ఆమెకు ఎప్పుడో కాన్పు తర్వాత మనసు బాగాలేకుండా పోయిందట. ఇప్పటికీ ఇంట్లో ఆమెను ‘తిక్కామె’ అనే అంటారు. పెళ్లయిన నాలుగేళ్లకు గానీ ఆమె అసలు పేరు నాకు తెలియలేదు. మా ఆయన చెడ్డవాడేం కాదు, ఆయన కూడా నవ్వుతూనే అనేవాడు. ఆ నవ్వుకు భయపడి నేను ఇంట్లో చెప్పలేదు. అక్కకు మాత్రం చెప్పాను.

“దాంట్లో ఏముండాది పాపా? పన్ను నొప్పి పుడితే పంటి డాక్టరు దగ్గరికి పోమా? కడపలో వద్దనుకుంటే కర్నూలు పోదాం. నేనూ వస్తా.”

అట్లా రెండో శనివారాలు మొదలయ్యాయి. తెల్లవారగానే కడపలో బస్సెక్కి, నంద్యాలలో దిగి బొరుగుల ఉగ్గాని, బజ్జి తిని, మళ్లీ బస్సెక్కి కర్నూలు చేరేవాళ్లం. పెద్దాసుపత్రికి దగ్గరి సందులో ఒక పెద్దావిడ క్లినిక్. ఎక్కువ మాట్లాడేది కాదు, ఎక్కువ వినేది. మందులు రాసింది, ఊపిరి మెల్లగా వదలడం నేర్పింది. నాకున్నది గుండె జబ్బు కాదనీ, మనసులోని భయం ఒంటి మీదికి రావడమనీ, ఇది తగ్గేదేననీ చెప్పింది. ప్రతిసారీ చివర్లో, ఇంట్లో చెప్పారా అమ్మా అని అడిగేది. చెప్తాను మేడం అనేదాన్ని. ఇంట్లో మాత్రం ఒకసారి ట్రైనింగ్ అని, ఒకసారి అక్క వాళ్ల చుట్టాలింట్లో పని అని ఏదో ఒకటి చెప్పేదాన్ని.

తిరుగు ప్రయాణంలో అక్క అడిగేది, లోపల ఏమేం మాట్లాడుకున్నారని. నంద్యాల నుంచి మైదుకూరు దాకా నేను చెబుతూనే ఉండేదాన్ని. మా అమ్మ తన జీవితంలో ఒక్క బాధ కూడా ఎవరికీ చెప్పుకోలేదు. అడిగితే, చెప్పుకుంటే తీరుతుందా అనేది. నేనూ అట్లాగే పెరిగాను. అందుకే ముప్పై ఏడో ఏట, కిటికీలోంచి వేడి గాలి కొడుతుంటే, ఒక మనిషి నా వైపు తిరిగి కూర్చుని ‘ఊ, ఊ’ అంటూ వింటుంటే నాకు కలిగిన సుఖం ఎట్లాంటిదో చెప్పలేను. మందుల కంటే నన్ను నిలబెట్టింది అదేనని అప్పట్లో అనుకునేదాన్ని.

ఏమేం చెప్పానంటే, అన్నీ చెప్పాను. సాయంత్రం ఆయన గేటు తీసిన చప్పుడు వింటే భయమేస్తుందని చెప్పాను. రెండో బిడ్డ కోసం మా అత్త అడుగుతున్నా నాకు ఇష్టం లేదని చెప్పాను. ఒకరోజు, “ఆయన ఇంట్లో లేని రోజు నాకు ఊపిరి బాగా ఆడుతుందక్కా” అన్నాను. అది ద్వేషంతో అన్న మాట కాదు. ఆయనకు ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్లు పాలిష్ పట్టే యూనిట్ ఉంది. పగలంతా మిషన్ల మధ్య అరిచి అరిచి, ఇంట్లో కూడా ఆ గొంతుతోనే మాట్లాడతాడు. టీవీ కూడా అంత గట్టిగానే పెడతాడు. ఆ చప్పుడు లేని రోజు ఇల్లు నాకు తేలిగ్గా ఉండేది, అంతే. ఆ మాట ఆ సీట్లో, ఆ ఎండలో, ఆమెకు చెప్పినప్పుడు నిజం. ఇంకెక్కడ ఎవరికి చెప్పినా దానికి వేరే అర్థం వస్తుంది.

ఆ వానాకాలంలో ఒకరోజు ఘాట్‌లో లోయ వైపు చూస్తూ, ఈ బస్సు ఇట్లే పోయి దాంట్లో పడితే రేపు లేచే పనుండదు అన్నాను. నవ్వుతూనే అన్నాను గానీ పూర్తిగా నవ్వు కాదు. ఘాట్ పైన బస్సాగినప్పుడు అక్క పాలకోవా కొనిచ్చి, తిను అంది.

ఆ ఏడాది నాకు నయమవుతూ వచ్చింది. చిత్రంగా ఇల్లు కూడా మెత్తబడింది. మా ఆయన నేను గదిలోకి రాగానే టీవీ సౌండు తగ్గించేవాడు. సాయంత్రం బస్టాండుకు స్కూటర్ వేసుకుని వచ్చేవాడు. మా అత్త నా చేతిలోంచి కత్తిపీట తీసుకుని, నువ్వు కూర్చోమ్మా, కూరగాయలు నేను తరుగుతా అనేది. ఇంట్లో ఒంటరిగా ఉండాల్సిన రోజే వచ్చేది కాదు, ఎవరో ఒకరు ఉండేవాళ్లు. రెండో శనివారం ఎక్కడికని ఎవరూ అడగడం మానేశారు. పదేళ్లకు నా ఇంట్లో నాకు చోటు దొరికిందనుకున్నాను. ఒకసారి డాక్టరుతో సంతోషంగా చెప్పాను కూడా, మా ఇంట్లో అందరూ మారిపోయారు మేడం అని. ఆమె తలెత్తి నన్ను చూసింది, ఎందుకని అడిగింది. ఎందుకో వెతకాలని కూడా నాకు అనిపించలేదు.

ఒక ఆదివారం పొద్దున, నా కూతురు గండికోట పోదామని పట్టుబట్టింది. వాళ్ల క్లాసులో అందరూ చూసొచ్చారట. నేను పెనం మీద దోసె పోస్తూ, పోదాంలే, మధ్యాహ్నానికి తిరిగొచ్చేయొచ్చు అన్నాను. మా ఆయన వద్దన్నాడు. ఎందుకంటే, ఎండన్నాడు. ఎండ తగ్గాక పోదామంటే, ఆ లోయలూ అవీ మనకొద్దన్నాడు. నా కూతురు ఏడుపు మొదలుపెట్టింది. నాకు విసుగొచ్చింది. నేను సరే అన్న పని ఏదైనా మీకు కాదనాలనే ఉంటుందని గొణిగాను. ఆయన లేచి నిలబడి చొక్కా వేసుకుంటూ అన్నాడు.

“నేను ఇంట్లో లేకుంటేనే కదా నీకు ఊపిరి ఆడేది. నేను పోతాండా లే, బాగా ఆడనీ.”

గరిటె నా చేతిలోనే ఉంది. పెనం మీద దోసె మాడుతున్న వాసన వస్తోంది. ఆయన ముఖం చూస్తే, అన్న తర్వాత ఆయనకే అర్థమైనట్టుంది. మా అత్త ఆయన వైపు చూసింది. ఆ చూపుతో ఆమెకు కూడా తెలుసని నాకు తెలిసింది.

“ఆ మాట మీకు ఎవరు చెప్పినారు?” అన్నాను.

ఆయన దాచలేక చెప్పాడు, మీ అక్కేనని. ఎప్పట్నుంచని అడిగాను. మొదటి నెల నుంచి. రెండో శనివారం సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోయాక ఆమె ఆయనకు ఫోన్ చేసేదట. డాక్టరు ఏమన్నది, నేను ఏమన్నాను, అంతా చెప్పేదట.

ఆ రోజు నేను అరవలేదు, ఏడవలేదు. మిగిలిన పిండితో దోసెలు పోసి అందరికీ పెట్టాను. కానీ నా తల లోపల ఒక పని మొదలై ఆగలేదు. గడిచిన ఏడాదిని ఒక్కొక్క రోజుగా వెనక్కి తీసి చూసుకోవడం. టీవీ సౌండు ఎందుకు తగ్గింది? గేటు చప్పుడు భయమని నేను చెప్పాకనా, ముందా? కత్తిపీట ఎందుకు తీసుకుంది మా అత్త? నేను అలిసిపోయాననా, నా చేతిలో కత్తి ఉండకూడదనా? బస్టాండుకు ఎందుకు వచ్చేవాడు? నాకు ప్రేమగా కనిపించిన ప్రతి దాన్నీ తిరగేసి చూస్తే కింద కాపలా కనిపించింది. నమ్మిన మనిషి మోసం చేస్తే ఆ మనిషి ఒక్కతే పోతుందని అంతవరకూ అనుకునేదాన్ని. జరిగిపోయిన మంచి రోజులు కూడా ఆమెతో పాటు పోతాయని అప్పుడు తెలిసింది. నంద్యాల బస్టాండులో తిన్న ఉగ్గాని కూడా పోయింది.

ఇంకొకటి, సిగ్గు. ట్రైనింగ్ అని, చుట్టాలింట్లో పని అని నేను చెప్పిన అబద్ధాలన్నీ ఆయన తెలిసి కూడా, మొహంలో ఏమీ కనబడనీయకుండా విన్నాడు. నేను అబద్ధం ఎట్లా చెబుతానో ఏడాది పాటు చూశాడు.

మరుసటి రోజు బస్సులో అక్క ఎప్పటిలాగే హ్యాండ్ బ్యాగు పెట్టి నాకు సీటు ఆపింది. నేను పోయి వెనక కూర్చున్నాను. ఆమె ఒకసారి తిరిగి చూసి, మళ్లీ చూడలేదు. మధ్యాహ్నం తనే నా ల్యాబ్‌లోకి వచ్చింది. పిల్లలు ఎవరూ లేరు. నేను మైక్రోస్కోపులు తుడుస్తున్నాను.

“ఆయనకు ఎందుకు చెప్పినావక్కా?”

ఆమె కాదనలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. “బస్సు లోయలో పడితే బాగుండు అంటివి. రేపు ఏమన్నా అయ్యింటే మీవాళ్లకు నేనేం జవాబు చెప్పాల? నాకు భయం పుట్టింది పాపా. నీ మంచికే చెప్పినా.”

“నేను ఆ మాట అన్నది వానాకాలంలో. నువ్వు ఫోన్ చేస్తాండేది మొదటి నెల నుంచి.”

ఆమె తల వంచుకుంది.

“సరే, లోయ మాట చెప్పినావు. అది చెప్పాల్సిందే అనుకుందాం. ఊపిరి మాట ఎందుకు చెప్పినావు?”

బయట గంట కొట్టారు. ఆమె లేవలేదు. చివరికి చాలా చిన్న గొంతుతో అంది. “మొదట ఊరికే ధైర్యం చెప్దామని చేసినా. ఇంకా ఏమంటాండాది అని అడిగినాడు. నేను చెప్తాంటే శానా శ్రద్ధగా వింటాండె. మా ఇంట్లో నేను మాట్లాడితే తలకాయ ఎత్తి చూసేవాళ్లు యాడుండారు పాపా?”

ఆమె అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అది నిజమని వినగానే తెలిసిపోయింది. వాళ్లది పెద్ద ఇల్లు, మగవాళ్ల మాటే మాట. ఇంట్లో ఆమె ఉద్యోగం సంగతి కూడా ఎవరూ అడగరు. నేను బస్సులో ఒక మనిషి వింటోందని మురిసిపోయినట్టే, ఆమె ఫోన్‌లో ఒక మనిషి వింటున్నాడని మురిసిపోయింది. వినిపించడానికి ఆమె దగ్గర ఉన్నది నేను మాత్రమే. అర్థమైంది. అర్థం కావడం వల్ల కోపం తగ్గుతుందంటారు. నాకు తగ్గలేదు. నేను తొమ్మిదో తరగతికి పాఠం చెప్పాలి, నువ్వు పో అన్నాను.

ఆ రోజు నుంచి మందులు వేసుకోవడం మానేశాను. కారణం అడిగితే నయమైందని చెప్పుకునేదాన్నేమో. నిజానికి ఆమె చూపించిన డాక్టరు, ఆమె పక్కన కూర్చుని తెచ్చుకున్న మందులు, అన్నీ ఆమెవేనన్నట్టు అసహ్యం పుట్టింది. మూడు వారాల్లో అంతా తిరగబడింది. నిద్ర లేదు, తల తిరుగుడు. ఒకరోజు ఎనిమిదో తరగతిలో బోర్డు మీద రాస్తూ రాస్తూ కూలబడిపోయాను. ఒక అమ్మాయి నీళ్లు తెచ్చి ఇస్తే గ్లాసు పట్టుకోలేకపోయాను.

ఆ నెల కర్నూలుకు ఒంటరిగా పోయాను. లోపలికి పోగానే కూర్చోకుండానే అడిగాను, మేడం, మా ఇంట్లోవాళ్లకు మీరు కూడా ఫోన్ చేశారా అని. ఆమె నొచ్చుకోలేదు. నా ఫైలు నా వైపు తిప్పి పెట్టింది. అందులో నా నంబరు తప్ప ఇంకెవరి నంబరూ లేదు. అప్పుడు కూర్చుని అంతా చెప్పాను. విన్నాక రెండే ప్రశ్నలు అడిగింది.

“లోయ మాట మీ స్నేహితురాలికి చెప్పారు. నాకెందుకు చెప్పలేదు?”

నేను ఫైలు మూసి ఆమె వైపు జరిపాను.

“మందులు ఆమె మీద కోపంతో మానేశారు. ఆ సంగతి ఆమెకు తెలుసా?”

“తెలీదు మేడం.”

ఆమె నవ్వలేదు. అట్లాంటి మాట వింటే తాను కూడా ఇంట్లో ఒకరికి తెలియాలనే అనేదాన్ననీ, కానీ ముందు నాతో చెప్పి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పేదాన్ననీ అంది. మిగతావి ఇంకొకరికి చెప్పే హక్కు ఎవరికీ లేదంది. మందులు మళ్లీ మొదలుపెట్టాను, ఆమె చెప్పినట్టు, కొద్దికొద్దిగా.

మా ఆయనతో మాట్లాడటానికి ఇంకో నెల పట్టింది. ఇంట్లో అయితే మా అత్త వింటుందని, ఒక సెలవు రోజు ఆయన యూనిట్‌కే పోయాను. భోజనాల వేళ, మిషన్లు ఆగి ఉన్నాయి. ఆయన తల మీద, కనుబొమల మీద బండల పొడి. పాలిష్ పట్టిన రాళ్ల మీద ఇద్దరం కూర్చున్నాం. నాతో చెప్పకుండా ఏడాది పాటు నా మాటలు ఇంకొకరి దగ్గర ఎట్లా వింటారని అడిగాను. ఆయన వెంటనే, నువ్వు నాకు చెప్పకుండా పక్క మనిషికి ఎట్లా చెప్పుకున్నావని అడిగాడు. నాకు చెప్పడానికి నీకు భయమేందని అడిగాడు. మీ పిన్నమ్మ అన్నాను. ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని నీళ్ల సీసా మూత తిప్పుతూ ఉండిపోయాడు.

మూత బిగించి అన్నాడు. “ఆ ఊపిరి మాట విన్న దినం నాకు ఇంటికి రావాలంటే కాళ్లు రాలే. లోడు ఉండాదని నీకు అబద్ధం చెప్పి ఈడనే ఉండిపోతి. నిన్ను అడగాలంటే, ఆమె చెప్పిందని చెప్పాల. అడగలేకపోతి.”

“టీవీ తగ్గించింది నా మీద ప్రేమతోనా, భయంతోనా?”

“నాకేం తెల్సు. రెండూ ఉంటాయి. కాపలా అనుకుంటే కాపలానే అనుకో. నాకు తెలిసింది అదే.”

నేను కూడా ఆయనకు అబద్ధాలు చెప్పానని ఒప్పుకున్నాను. ఆ రోజు ఇద్దరం ఏదో తేల్చుకున్నామని చెప్పలేను. కానీ ఆ తర్వాత రెండో శనివారాలు ఆయనే కర్నూలు తీసుకుపోయేవాడు. లోపల ఏం మాట్లాడావని అడగలేదు. మా ఇంట్లో ‘తిక్కామె’ అన్న మాట ఆగిపోయింది, ఆమెను ఇప్పుడు అందరూ పేరుతో పిలుస్తున్నారు. మా సంసారం బాగానే ఉంది. అయినా నేను గదిలోకి పోగానే ఆయన రిమోట్ చేతిలోకి తీసుకుంటే, ఇప్పటికీ ఒకసారి ఆయన ముఖం చూస్తాను.

అక్క బస్సులో రెండు వారాలు అట్లాగే నాకు సీటు ఆపింది. తర్వాత మానేసింది. ట్రాన్స్‌ఫర్ల కౌన్సెలింగ్‌లో రాజంపేట వైపు స్కూలు కోరుకుని వెళ్లిపోయింది. వీడ్కోలు సభలో, మీరిద్దరూ అక్కచెల్లెళ్ల లాంటివాళ్లు కదా, నువ్వే మాట్లాడాలని హెడ్మాస్టరు నన్ను లేపాడు. కొత్తలో స్టాఫ్ రూంలో నా యాసకు నవ్వనిది ఆమె ఒక్కతేనని చెప్పాను. ఘాట్‌లో నా చేతులు పట్టుకుందని చెప్పాను. ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అందరూ అది విడిపోతున్నందుకే అనుకున్నారు.

పోయిన వేసవిలో కడపలో పదో తరగతి పేపర్లు దిద్దే క్యాంపులో ఆమె మళ్లీ కనిపించింది. భోజనానికి వరండాలో నా పక్కనే కూర్చుని డబ్బా తెరిచి, చెనక్కాయ పచ్చడి నా ప్లేటులో వేసింది. ఎట్లుండావు పాపా అని అడిగింది. బాగుండానక్కా అన్నాను. నా కూతురు పదో తరగతికి వచ్చిందని, మా స్కూల్లో కొత్త గదులు కడుతున్నారని, ఈసారి ఎండలు మరీ ఎక్కువని చెప్పాను. ఆమె వింటూ ఉంది. ‘ఊ, ఊ’ అంటూ వినే తీరు ఏమీ మారలేదు. నేను చెబుతున్నవి ఎవరికైనా చెప్పగలిగే సంగతులని ఆమెకు ఎక్కడో అర్థమైంది. మాట మధ్యలో చెయ్యి చాచి నా మోచేతి మీద పెట్టింది, ఏదో అనబోయింది. నేను, పచ్చడి బాగుందక్కా అన్నాను. ఆమె చెయ్యి తీసేసి డబ్బా మూత పెట్టుకుంది.

ఆ సాయంత్రం ఇంటికి పోతుంటే ఏడుపొచ్చింది. ఆమెను క్షమించానో లేదో నాకు తెలియదు. క్షమించి ఉంటే ఆ చెయ్యిని అక్కడ ఉండనిచ్చేదాన్నేమో. ఇప్పుడు నేను డాక్టరుకు కొన్ని చెబుతాను, మా ఆయనకు కొన్ని చెబుతాను. ఒక్క మనిషికే అన్నీ చెప్పుకోవడం మానేశాను. నాకు ఆరోగ్యం కుదిరినందుకు ఇట్లా ఉన్నానా, దెబ్బ ఇంకా మానక ఇట్లా ఉన్నానా అని డాక్టరును అడగాలని ప్రతిసారీ అనుకుంటాను. ఇంతవరకూ అడగలేదు.